చెప్పింది చెప్పినట్టు

చిట్టిబాబు చెప్పింది నాలుగే నాలుగు వాక్యాలు.

"నాను బాగున్నాను. కుడిసెయ్యి మోసేతి కింద తీసీసినారు. కాలికి రాడ్డు ఏసినారు, నడుస్తాను. నువ్వు కంగారుపడి రావొద్దు."

చెప్పేసి తల గోడవైపు తిప్పుకున్నాడు. రెండు కళ్లమీదా కట్టు ఉంది కాబట్టి ఎటు తిప్పుకున్నా అతనికి ఒకటే.

"అంతే మేడమ్. రాసీయండి."

లీలావతి ఒళ్లో అట్ట, అట్టమీద ఇన్‌లాండ్ లెటరు పెట్టుకుని కూచుంది. కార్గిల్ నుంచి గాయపడినవాళ్లు రావడం మొదలైనప్పటినుంచి కంటోన్మెంటులో సుబేదార్ల భార్యలు వంతులేసుకుని ఆ ఆసుపత్రికి వస్తున్నారు. ఒకరు పళ్లు కోసి పెడతారు, ఒకరు హిందీ పేపరు చదివి వినిపిస్తారు. తెలుగువాళ్లకి ఉత్తరాలు రాయడం లీలావతి పని. ఆవిడ కథలు రాస్తుందని కాలనీలో అందరికీ తెలుసు. వారపత్రికల్లో రెండు అచ్చయ్యాయి. తిరిగొచ్చినవి ఎన్నో భర్త సదాశివరావుకి తప్ప ఎవరికీ తెలీదు.

"చెయ్యి సంగతి కొంచెం నెమ్మది మీద రాద్దామా చిట్టిబాబూ?" అంది.

"దాసొద్దు మేడమ్. వొచ్చి సూసి అదిరిపోతే నాను సూడలేను. ముందే తెలిసీయాల. అప్పుడు మా ఇంటిది ఏటంటాదో, అది నాకు సదివి సెప్పండి."

"సరే. ఇంటికెళ్లి శుభ్రంగా రాసి పోస్టులో వేస్తాను."

ఆ సాయంత్రం వంట తొందరగా ముగించి, భోజనాల బల్ల గుడ్డతో తుడిచి, ముందు తెల్లకాగితాలమీద చిత్తు మొదలుపెట్టింది. పక్కన చిన్న నోటుపుస్తకం. అందులో మూడు వారాలుగా చిట్టిబాబు మాటలు రాసుకుంటోంది. ఏటి, సేసీసినాను, అలగే ఉండిపోనాను. శ్రీకాకుళం జిల్లాలో అతని ఊరు ఆవిడ చూడలేదు. చూడనక్కర్లేకపోయింది. నాలుగు వాక్యాల మధ్య ఉన్న ఖాళీలోంచి ఊరు దానంతటదే వచ్చింది. పెరట్లో తీగమీద ఆరేసిన పసుపుచీర వచ్చింది. కొండమీద కాపలా కాస్తూ, వెన్నెల మంచుమీద పడితే ఆ చీర గుర్తొచ్చిన మనిషి వచ్చాడు. ఎన్నో ఏళ్లుగా కథల్లో దొరకనిది ఆ ఉత్తరంలో చేతికి దొరికింది. పెన్ను ఆగలేదు. ఇన్‌లాండ్ లెటరు చాలక కవరులో పెట్టే కాగితాలు తీసింది.

నాలుగో పేజీ చివర చెయ్యి తీసేశారన్న వాక్యం రాసింది. చదువుకుంది. ఉత్తరమంతా ఒకవైపు, ఆ వాక్యం ఒకవైపు ఉన్నాయి. ముందు పేజీలోకి మార్చి చూసింది. అక్కడ పెడితే తర్వాతి వెన్నెల చచ్చిపోయింది. చివరికి కొట్టేసింది. వచ్చే ఉత్తరంలో రాయచ్చు, మెల్లగా చెప్పినట్టూ ఉంటుంది అనుకుంది. వార్డులు మారుస్తుంటారు కదా అని జవాబుకి తన క్వార్టరు చిరునామా ఇచ్చింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి పోస్టు చేసింది.

జవాబు పదకొండో రోజున వచ్చింది. ఏడో తరగతి దాకా చదివిన చేతిరాత, గుండ్రంగా, గీత తప్పకుండా. 'మీరు ఇన్ని మాటలు మాట్లాడతారని నాకు మూడేళ్ల నుంచీ తెలీలేదు. ఉత్తరం తొమ్మిదిసార్లు చదివినాను. మీ దెబ్బలు తొందరగా మానిపోవాల' అని రాసింది అతని భార్య సత్యవతి. లీలావతి వంటింట్లో నిలబడి చదివింది. తొమ్మిదిసార్లు అన్న మాట దగ్గర మళ్లీ వెనక్కి వెళ్లి చదివింది.

నాలుగు గంటలకి వార్డులోకి రాగానే ఆవిడ చెప్పుల చప్పుడు పోల్చుకుని చిట్టిబాబు లేవబోయాడు.

"ఉత్తరం వొచ్చిందేటి?"

"వచ్చింది."

"సెయ్యి గురించి ఏటన్నాది?"

మంచం పక్క ట్రేలో మధ్యాహ్నం పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. రెండు రోజులుగా సరిగా తినడంలేదని నర్సు చెప్పింది. ఎడంచేతి వేళ్లు దుప్పటి అంచుని పట్టుకుని ఉన్నాయి. లీలావతి కాగితం మడత విప్పింది. చప్పుడు వినిపించేట్టు విప్పింది.

"'సెయ్యి పోతే పోనాది. నా సేతులు రెండున్నాయి కదా, అవి నీవే' అని రాసింది."

"మల్లీ సదవండి" అన్నాడు.

చదివింది. మూడోసారి చదవమన్నాడు. మూడుసార్లూ అవే మాటలు, అదే వరసలో రావాలని ఆవిడ కాగితంమీద లేని అక్షరాలవైపే చూస్తూ చదివింది. అతను ఆ కాగితం తలకింద పెట్టుకుంటానన్నాడు. నలిగిపోతుందని చెప్పి ఖాళీ కవరు మాత్రం చేతికిచ్చింది. ఆ పూట అన్నం మొత్తం తిన్నాడు.

ఇంటికొచ్చి సదాశివరావుకి చెప్పింది. చెప్పాలని కాదు, చెప్పకుండా ఉండలేక. ఆయన బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. బ్రష్ ఆపలేదు.

"ఇంత పని చేశావా!"

"అన్నం తిన్నాడండీ. మీరు చూసుంటే తెలిసేది."

"తింటాడు. పత్రికలవాళ్లయితే నీ కథ తిప్పి పంపిస్తారు. వీళ్లిద్దరికీ ఆ వీలు కూడా లేదు పాపం."

ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. అయినా రెండో ఉత్తరం రాసింది. మూడోది రాసింది. ఒక్కోదానిలో చెయ్యి సంగతి రాయడానికి చోటు వెతికింది. ఏ ఉత్తరమూ ఆ మాటకి చోటు ఇవ్వలేదు.

ఆదివారం చిట్టిబాబు కళ్లకట్టు విప్పారు. ఎడంకన్ను బాగానే ఉంది, కుడికన్ను మసక. కట్టు విప్పగానే ఉత్తరం అడిగాడు. ఇంట్లో ఉంది, తెస్తానంది. సోమవారం మళ్లీ అడిగాడు. మర్చిపోయానంది. ఆ సోమవారమే ఇంటికి కార్డు వచ్చింది. సత్యవతి అన్నతో కలిసి బయల్దేరింది. సరోజినీ నగర్‌లో వాళ్ల ఊరివాడొకడు ఏదో ఆఫీసులో ప్యూను, అతని క్వార్టర్లో దిగుతారు. మంగళవారం నాలుగింటికి ఆసుపత్రి గేటు దగ్గరికి వస్తారు.

కార్డు ముందు వచ్చింది కాబట్టి ఫర్వాలేదనుకుంది లీలావతి. గేటు దగ్గర పట్టుకుని, పక్కన కూచోబెట్టి, చెయ్యి సంగతి మెల్లగా చెప్పేయాలి. ఏం చెప్పాలో దారంతా మాటలు కూర్చుకుంది.

సత్యవతి ఆటో దిగింది. పాతికేళ్లుండవు. కొత్త పసుపుచీర, ఇంకా గంజి వదల్లేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాన్నిండా ఉత్తరాలు. వెనక అన్న సింహాచలం స్టీలు టిఫిను క్యారియరు పట్టుకుని ఉన్నాడు. పాసు ఒకరికే ఇస్తామన్నారు గేటు దగ్గర. సింహాచలం బయటే ఆగిపోయాడు.

"మీరేనామ్మా, రాసి పెట్టినోరు? మీ రునం ఎలగ తీర్సుకోగలను?" అని ఒంగి కాళ్లకి దండం పెట్టబోయింది.

"అయ్యో, అదేం వద్దమ్మా. సత్యవతీ, నీకో సంగతి చెప్పాలి."

"నాకూ సెప్పాలున్నాదమ్మా. ఆయన నోటమ్మట ఇలాటి మాటలొస్తాయని నానెప్పుడూ అనుకోలేదు." ఇద్దరూ పొడుగాటి వరండాలోకి వచ్చారు. "పెల్లైన కాణ్నుంచి 'అన్నం పెట్టు, నీల్లు తే', అంతే. మరి కొండమీదకెల్లి మారిపోనాడో ఏటో. 'వెన్నెల మంచుమీద పడితే నీ పసుపుచీర గుర్తొస్తాది, అప్పుడు సలి తెలవదు' అని రాసినాడు. నాకు పసుపుచీరే లేదమ్మా! అయినా సదివినాక ఉన్నాదనే అనిపించీసింది. పెట్టంతా ఎతికినాను." నవ్వింది. "మరింక ఇది కొన్నాను."

చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంది లీలావతి. సత్యవతి ఇంకో వాక్యం మొదలుపెట్టింది. రెండో ఉత్తరంలోది, చుక్కలు లెక్కపెట్టే వాక్యం. తడుముకోకుండా, ఒక్క మాట తప్పకుండా చెప్పింది. తను రాసిన వాక్యాన్ని ఇంకో మనిషి నోట్లోంచి కంఠతా వినడం లీలావతికి అదే మొదటిసారి. నడక నెమ్మదించింది. ఇదొక్కటీ అవనీ అనుకుంది. అది అయ్యాక మూడో ఉత్తరంలోది వచ్చింది. అదీ వింది. వరండా అయిపోయింది. నర్సు వార్డు తలుపు తోసి పట్టుకుంది.

చిట్టిబాబు దిండుకి ఆనుకుని కూచుని ఉన్నాడు. గడ్డం గీయించుకున్నాడు. సత్యవతిని చూసి నవ్వాడు గాని ముందు ఆ చీరవైపే చూశాడు.

"ఎంత సిక్కిపోనావయ్యా!" అంటూ మంచం అంచున కూచుని, చెయ్యి పట్టుకుందామని దుప్పటిమీద తడిమింది. దుప్పటి కింద మంచం తగిలింది. ఇంకొంచెం పైకి తడిమింది. కట్టు కట్టిన మోచేతి మొండి తగిలింది.

ఆమె అరవలేదు. పాము మీద చెయ్యి పడ్డట్టు చెయ్యి లాక్కుని, లేచి, రెండడుగులు వెనక్కి వేసింది. వెనకున్న బల్లకి తగిలి స్టీలు గ్లాసు కిందపడి దొర్లింది. ఇంకో అడుగు వెనక్కి వేసింది.

"సెయ్యేదీ?"

"రాసినాను గదా" అన్నాడు చిట్టిబాబు.

"ఏటి రాసినావు?"

"నీ సేతులు నావే అన్నావు గదేటి?"

"నానెప్పుడన్నాను?"

గ్లాసు దొర్లడం ఆగింది. ఇద్దరూ ఒకేసారి లీలావతివైపు చూశారు. ఆవిడ వంగి గ్లాసు తీసి బల్లమీద పెట్టింది.

"ఉత్తరాలు తెచ్చినావా? సదువు" అన్నాడు చిట్టిబాబు.

సత్యవతి ప్లాస్టిక్ కవరులోంచి మొదటి ఉత్తరం తీసింది. చదివింది. వెన్నెల, చీర, చలి. పక్క మంచాలవాళ్లకి తెలుగు రాదు. అయినా అందరూ మాటలాపి విన్నారు. సగం పేజీ దగ్గర అతను ఎడంచెయ్యి ఎత్తాడు.

"ఆపు. ఇందులో ఒక్క ముక్క నాది కాదు. పసుపుచీరేటి? కొండమీద వెన్నెలేటి? బంకరులో పడుకుని తలెత్తితే గుండు తగులుతాదని అలగే ఉచ్చ పోసుకున్నాం. నిన్ను తలుసుకున్నానా? నానెవుల్నీ తలుసుకోలేదు."

"ఎవుల్నీ?"

"ఎవుల్నీ. పో. అలగ ఎనక్కి జరిగి నిలబడి సూడకు. ఎల్లిపో."

సత్యవతి కాగితం మడతలమీద మడిచింది. కవరులో పెట్టింది. టిఫిను తేవడానికి బయటికి వెళ్తున్నదానిలా మామూలుగా నడిచి వెళ్లిపోయింది. తిరిగి రాలేదు.

లీలావతి మంచం దగ్గరికి వచ్చింది. "చిట్టిబాబూ, నేను మీ మంచికే..."

అతను గోడవైపు తిరిగాడు. ఈసారి కట్టు లేదు.

బుధవారం ఆవిడ వార్డుకి వెళ్లలేదు. గురువారం పొద్దున్న నర్సు సదాశివరావు ఆఫీసుకి ఫోను చేయించింది. చిట్టిబాబు మేడమ్‌గారిని కాగితం తీసుకుని రమ్మంటున్నాడట. తిట్టడానికేమో అనుకుంటూ వెళ్లింది. తిట్టినా బాగుండుననుకుంటూ వెళ్లింది.

అతను మంచం మీద లేచి కూచుని ఉన్నాడు.

"ఇక్కడే రాయండి. నా ఎదర. సెప్పింది సెప్పినట్టు. ఒక్కటి కలిపినా నాను సూస్తాను, ఇప్పుడు కళ్లున్నాయి."

ఆవిడ పెన్ను మూత తీసింది. అతను ఒక్కో మాటా రాయి మోసుకొచ్చి పడేసినట్టు చెప్పాడు.

"సత్తెవతీ. మొన్న కోపంలో అన్నాను. నువ్వు ఎనక్కి జరిగినప్పుడు నాకు బయమేసింది. బాంబు పడ్డప్పుడు అంత బయం ఎయ్యలేదు." ఆగాడు. "కాదు. ఏసింది. రెండూ ఒకలాగే ఏసినాయి."

"'ఎయ్యలేదు' అన్నది కొట్టేయనా?"

"ఎందుకూ? అన్నాను గదా. ఉండనీండి." మళ్లీ మొదలుపెట్టాడు. "ఎడంసేత్తో అన్నం తింటన్నాను. కింద పడిపోతన్నాది. నర్సు సూడకుండా దుప్పటితో తుడిసీస్తన్నాను. నువ్వు నా కాడుంటే బాగున్ననిపిస్తాది. నువ్వు లేకపోయినా అనిపిస్తాది. నాకు మాటలు రావు, నీకు తెలుసు. ఎల్లిపోకు. ఇది నానే సెప్పినాను."

లీలావతి రాసింది. బాంబు పడ్డప్పుడు అంత బయం ఎయ్యలేదు, కాదు, ఏసింది, రెండూ ఒకలాగే ఏసినాయి. వంద చిత్తుప్రతులు రాసినా ఆ వాక్యం తనకి తట్టేది కాదని చెయ్యి రాస్తుండగానే తెలిసింది. ఒక్క అక్షరం ముట్టుకోలేదు. అతను కాగితం తీసుకుని మసకకన్ను మూసి మొత్తం చదువుకున్నాడు. ఎడంచేత్తో పెన్ను పట్టుకుని సంతకం పెట్టాడు. గీతలు ఒకదానిమీద ఒకటి పడి, చీమలు పాకినట్టు వచ్చింది.

"ఫోను సెయ్యడానికి ఆ ఇంట్లో ఫోను లేదు. మీరే ఎల్లి ఇయ్యండి. మేడమ్..." అని ఆగి, "ఇయ్యండి" అన్నాడు.

సరోజినీ నగర్ క్వార్టర్లో ఒకటే గది. మార్కెట్ రద్దీ కిటికీలోంచి వినిపిస్తోంది. సింహాచలం టికెట్ల పనిమీద వెళ్లాడు, ఇంటావిడ వంటింట్లో ఉంది. సత్యవతి నేలమీద సంచి సర్దుకుంటోంది. పాత నీలంచీర కట్టుకుంది. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి నిజాముద్దీన్‌లో బండి అని చెప్పింది.

లీలావతి ఉత్తరం ఇచ్చింది. సత్యవతి నిలబడి చదివింది. ఒకసారే చదివింది.

"ఈసారి నమ్ముతానని తప్పులెట్టి రాసినారా?" అంది.

"లేదమ్మా! అతను చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక్క మాట నాది కాదు."

"అప్పుడూ అలగే అన్నారు గదా. అడుగున రాసినారు, 'చిట్టిబాబు చెప్పగా రాసినది' అని." కాగితం దగ్గరగా పెట్టుకుంది. "ఈ సంతకమేటి? ఆయనది ఇలగుండదు. సిన్నదిగా, కింద గీత పెడతాడు."

"ఎడంచేత్తో పెట్టాడు సత్యవతీ. కుడిచెయ్యి..." లీలావతి సంతకంమీద వేలు పెట్టి చూపించింది. "ఒక్కసారి రా. నాతో రావద్దు, నువ్వే వెళ్లు. అతని నోటితో విను."

"ఇన్నాను గదమ్మా, మొన్న ఆయన నోటితోనే. ఎవుల్నీ తలుసుకోలేదన్నాడు. అది ఆయన మాట. నాకు తెలిసిన మనిసి అలగే మాట్లాడతాడు. సెయ్యి లేదని బయపడ్డాను, నిజమే. రాత్రికి ఆ బయం పోనాది. కానీ ఎవరికాడికెల్లాలి నాను? రాసినాయన లేడు. ఉన్నాయన పొమ్మన్నాడు."

"నా తప్పమ్మా. నా మీద కోపం అతనిమీద తీర్చుకోకు."

"మీ మీద కోపం లేదు." నిజంగానే లేదన్నట్టు చెప్పింది. "మీరు మా ఇల్లు సూడకుండానే రాసినారు కదా. నాను నిన్న అదే అనుకున్నాను, సూడకుండా ఎలగ రాసినారో అని."

ఉత్తరాన్ని ఉన్న మడతమీదే మడిచి లీలావతి చేతిలో పెట్టింది. తర్వాత ప్లాస్టిక్ కవరు తీసి, అందులో మూడు ఉత్తరాలూ ఉన్నాయో లేదో చూసుకుని, సంచి అడుగున పసుపుచీర మడతల్లో పెట్టింది.

"అవెందుకమ్మా, అవి అబద్ధాలు!"

"తెలుసు" అంది సత్యవతి. "ఇంకెవులూ నాకు రాయలేదు."

శుక్రవారం నాలుగింటికి లీలావతి వార్డులోకి వచ్చేసరికి చిట్టిబాబు తలుపువైపే చూస్తున్నాడు. ఆవిడ వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని మెడ సాచాడు. ఆవిడ స్టూలు మీద కూచుంది. ఒక మాట పెంచకుండా, ఒక మాట తగ్గించకుండా చెప్పాలని ముందే అనుకుంది.

"చదివింది. నమ్మలేదు. నీ సంతకం కాదంది. ఇది కూడా నేను కల్పించిందే అంది. పొద్దున్న ఎనిమిదింటి బండికి వెళ్లిపోయింది."

అతను ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఉత్తరం దానికాడే ఉన్నాదా?"

ఆవిడ బ్యాగులోంచి తీసి మంచం మీద పెట్టింది. "తిరిగి ఇచ్చేసింది."

అతను కాగితాన్ని చూశాడు. నలగలేదు. మడత కూడా తను చూసినప్పటి మడతే. మెల్లగా మొహం విప్పారింది. అతను అలా నవ్వడం లీలావతి మొదటిసారి చూసింది.

"మీరు ఇయ్యనేలేదు."

"ఇచ్చాను చిట్టిబాబూ."

"లేదు మేడమ్. ఇస్తే తిరిగిస్తాదేటి? మొదటిసారి నాను సెప్పింది ఎలగ మీకాడే ఉంచీసినారో, ఇదీ అలగే ఉంచీసినారు. మల్లీ కల్పించి సెప్తన్నారు. బాగానే సెప్పినారు, సంతకం కాదన్నాదని." ఆవిడమీద కోపం కూడా లేదు అతనికి. తొందర మాత్రమే ఉంది. "సదవలేదన్నమాట అది. సదివితే వొస్తాది. దాని సంగతి నాకు తెలుసు. ఆ సింహాచలం బావకి ఇలగ అనుకుంటే అలగ టికెట్లు దొరకవు, రేపటి దాకా ఉంటారు. ఎల్లండి మేడమ్. మీకు పున్నెముంటాది. ఎల్లి ఇచ్చీసి రండి."

"వెళ్లిపోయారు. నిజం చెప్తున్నాను. నా మీద ఒట్టు."

"ఎల్లండి" అన్నాడు. ఉత్తరాన్ని ఎడంచేత్తో ఆవిడ ఒళ్లోకి తోశాడు. మళ్లీ ఏదో గుర్తొచ్చి, "ఆగండి. ఈ దుప్పటి కాస్త ఇలగ పైకి లాగండి. ఇటువైపు. వొచ్చీసరికి ముందు అదే కనపడకూడదు."

లీలావతి లేచి దుప్పటిని అతని కుడి భుజం దాకా లాగింది. అంచు జారకుండా దిండు కింద దోపింది. అతను చూసుకుని, సరిపోయిందన్నట్టు తలాడించాడు. ఉత్తరం తీసుకుని బయటికి వచ్చింది.

వరండాలో బెంచీ ఉంది. గేటువైపు వెళ్లడానికి కారణం లేదు. వెనక్కి వెళ్లడానికి వీల్లేదు. తలుపు అద్దంలోంచి అతనికి వరండా కనిపిస్తుంది గనక, అతనికి తను కనపడని వైపు చూసుకుని బెంచీ చివర కూచుంది. సత్యవతి ఎక్కిన బండి ఆ సరికి ఝాన్సీ దాటి ఉంటుంది. లోపల చిట్టిబాబు హిందీలో ఎవరినో దువ్వెన అడగడం వినిపించింది. ఆరుగంటలకి చూడవచ్చినవాళ్లంతా వెళ్లిపోవాలని గంట కొట్టేదాకా ఆవిడ అక్కడే కూచుంది.